పచ్చికుండ మీద మాట

"కాళ్ళు ఇడువు రేఖా. బోనాల పూట గిట్ల కాళ్ళు పట్టుకుంటరా ఎవరన్నా?"

"ఇడువ. నువ్వు ఊ అనేదాంక ఇడువ అక్కా."

ప్రేమలత వంటింటి గడప మీదే కూలబడింది. నిండు కడుపుతో ఉన్న తోడికోడలు నేలమీద పడి ఏడుస్తుంటే విదిలించుకుని పోవడానికి ఆమె రాయి కాదు కదా! పొయ్యి మీద బోనం అన్నం పొంగి కిందికి కారుతోంది. చూసే దిక్కు లేదు.

"నేనేమడిగిన? నీ మెడల పుస్తెలు అడిగిన్నా? కుండెక్కినంక ఒక్క మాట. 'నేను పోత, నాకు కొత్త గుడి కట్టుండ్రి' అని ఒక్క మాట అనక్కా. నా మొగుడు ఇంటికొస్తడు."

"గా మాట అనాల్సింది నేను గాదే. తల్లి పోచమ్మ అనాలె."

"తల్లికి నోరెక్కడిది? నోరు నీదే కద!"

అనేసి రేఖ నాలుక్కరుచుకుంది. గబగబా రెండు చెంపలూ వేసుకుంది. అయినా అన్నమాట అన్నదే. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ పైకి అనని మాట అది.

ఎట్లాంటి ఇల్లు, ఏ గతికొచ్చింది! తాతల నాటినుంచీ పోచమ్మకు పూజ చేసే కుమ్మరోళ్ళ ఇల్లు. తొండుపల్లి దాటాక, ఎయిర్‌పోర్టు గోడకు ఇవతల, ఊరి పొలిమేర మీద ఆ గుడి. దాని మీదుగా గోదాములకు పోయే రోడ్డు వెయ్యాలని సర్కారు గీత గీసింది. మిషన్ వచ్చిన రోజున ఆ ఇంటి చిన్నకొడుకు, రేఖ మొగుడు లక్ష్మణ్ దాని ముందు అడ్డంగా పడుకున్నాడు. అధికారుల పనికి అడ్డొచ్చాడని ఒక కేసు, మతం పేరుతో జనాన్ని రెచ్చగొట్టాడని ఇంకో కేసు. బెయిలు రాలేదు. అప్పటినుంచీ జైల్లోనే ఉన్నాడు.

ఇప్పుడు సర్కారు కొత్త దారి కనిపెట్టింది. ఊరే సంతోషంగా తల్లిని సాగనంపితే గొడవ ఉండదు, గొడవ లేకపోతే కేసు కూడా వదులైపోతుందని చెవిలో చెప్పి పంపింది. ఊరు ఒప్పుకోవాలంటే తల్లి ఒప్పుకోవాలి. తల్లి మాట్లాడేది ఏడాదికొక్కసారి, బోనాల నాడు, పచ్చికుండ మీద నిలబడిన ఆడమనిషి నోటితో. ఆ మనిషి ప్రేమలత. అబ్బ, ఈ ఆఫీసర్ల తెలివికి దండం పెట్టాలి!

కాల్చని మట్టికుండ అది. వేపమండల మీద బోర్లించి పెడతారు. మనిషి బరువుకు ఉత్తప్పుడైతే పిండి పిండి కావాలి. కానీ పలికే మాట తల్లిదైతే పగలదు. సొంత మాట కలిపితే పగులుతుంది. తల్లి కాదనే తీరు అదే. నమ్మనివాళ్ళు నవ్వుకోవచ్చు. ప్రేమలత నమ్ముతుంది.

"అత్తా, నువ్వన్న చెప్పు" అంది ప్రేమలత, గోడకు ఆనుకుని వేపమండలు కడుతున్న ముత్తమ్మ వైపు తిరిగి. "మోకాళ్ళు పొయ్యేదాంక కుండెక్కినవు. ఎన్నడన్నా నీ సొంత మాట అన్నవా?"

ముత్తమ్మ చేతులు ఆగలేదు. ఒక కట్ట కట్టింది. ఇంకో కట్ట కట్టింది.

"అత్తా, నిన్నే."

"అనలే బిడ్డా." ముత్తమ్మ తల ఎత్తలేదు. "గప్పుడు నా కొడుకు జైల్ల లేడు."

పాతికేళ్ళు ఆ తల్లిని ఒంటిమీదికి తెచ్చుకున్న మనిషే ఇట్లా అంటే ప్రేమలత ఎవరి దగ్గరికి పోయి మొరపెట్టుకుంటుంది?

బయట కారు ఆగిన చప్పుడు. ప్రేమలత మొగుడు హరిప్రసాద్ గబగబా లోపలికొచ్చాడు. ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడతను. ఇవాళ డ్యూటీకి పోలేదు.

"రేఖా, లే. సార్ వచ్చిండు. ప్రేమా, నువ్వు జర ముఖం కడుక్కో."

"ఎందుకు? పెళ్ళిచూపులా?"

"నీకు దండం పెడత. ఇయ్యాల ఒక్కరోజు నోరు అదుపుల పెట్టుకో."

"నా నోరు నా అదుపుల ఏడున్నది? మీరందరు పంచుకున్నరు కద."

హరిప్రసాద్ పళ్ళు కొరికాడు. "నాకు భక్తి లేదనుకున్నవా? చిన్నప్పటిసంది గా గుడి ఊడ్చినోన్ని. తమ్ముడు జైల్ల కటిక నేల మీద పంటుండు. నేనేమో ఏసీ కార్ల తిరుగుతున్న. తల్లి యాడున్నా తల్లే. నాకు తమ్ముడు మాత్రం ఒక్కడే."

"పొలిమేర కాసే తల్లిని పొలిమేర దాటించి మహేశ్వరం తొవ్వల కొత్త గుడి కట్టి పెడితే ఇగ ఏం కాస్తది?"

అంతలోనే భూసేకరణ ఆఫీసరు రామచంద్రయ్య వాకిట్లో చెప్పులు విడిచి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నుదుట కుంకుమ. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో ఆకుపచ్చ పట్టుచీర, గాజులు, పసుపు కుంకుమ. ప్రభుత్వం తరఫున అమ్మవారికి పట్టుబట్టలు! రేపు పొద్దున గుడి కూలగొట్టేవాళ్ళు ఇవాళ చీర పెడుతున్నారు. ఏమనాలి ఈ మర్యాదను?

"నమస్కారమమ్మా. మీ మనసు కష్టపెట్టడానికి రాలేదు" అన్నాడు. "నిజం చెప్పాలంటే నా చేతుల్లోనూ ఏమీ లేదు. రేపు మిషన్లు వస్తాయి. ఊరు అడ్డం పడితే పోలీసులు దిగుతారు. లక్ష్మణ్ లాంటి పిల్లలు ఇంకొందరు లోపలికి పోతారు. నాకది ఇష్టం లేదు. అందుకే అమ్మవారిని అడుగుదామన్నాను."

"అడిగేటోళ్ళు జవాబు గూడ ఎంట తెచ్చుకుంటరా సార్?"

"ప్రేమా!" అన్నాడు హరిప్రసాద్.

ఆఫీసరు అతన్ని చేత్తో వారించాడు. "ఆమెను అననివ్వండి. అమ్మా, మాకు అన్ని మతాలూ సమానమే. మీ నమ్మకంలో ప్రభుత్వం వేలు పెట్టదు."

"వేలు వెట్టలేదు. నిజమే. నా నోట్లె మాట వెట్టిన్రు."

సరిగ్గా అప్పుడే విమానం ఇంటి మీదుగా పోయింది. రేకులు గడగడలాడాయి. ఎయిర్‌పోర్టు పక్కన కాపురమంటే అంతే, కొట్లాట కూడా మధ్యలో ఆపుకుని విమానం పోయేదాకా నిలబడాలి. అందరూ నిలబడ్డారు. రామచంద్రయ్య పళ్ళెం వైపు చూస్తూ నిలబడ్డాడు. విమానం పోయాక పళ్ళెం ముత్తమ్మ పక్కన పెట్టి, "గుడి దగ్గర ఉంటాను" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ముత్తమ్మ ఆ చీర ముట్టుకోలేదు. అవతలికి జరపనూ లేదు.

ఇంక మిగిలింది ఒక్కడే. మామ కుర్మయ్య.

పోలీసులు కొడుకును వ్యానెక్కించిన రోజునుంచీ కుర్మయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో ఇంత రచ్చ జరుగుతున్నా ఆయన పెరట్లో కుండలు చేసే తన సారె దగ్గరే ఉంటున్నాడు. ఊరంతటికీ బోనం కుండలు చెయ్యాలి, వాములో కాల్చాలి. నిన్నంతా వాము పొగ ఇల్లు కమ్మేసింది. ఆయన మౌనం ప్రేమలతకు కొండంత అండగా ఉంది. మామ ఒక్కడే తన పక్షం, అందుకే నోరు విప్పడం లేదు అనుకుంది. పిచ్చిది, అట్లాగే అనుకోవాలి మరి. ఎవరో ఒకరు తనవైపు ఉండాలి కదా.

పెరట్లోకి పోయేసరికి కుర్మయ్య ఆమె ఎక్కబోయే కుండకు పసుపు పూస్తున్నాడు. ఏడాదికొక్కటి చేస్తాడు అట్లాంటిది. అది మాత్రం వాములోకి పోదు.

"మామా."

ఆయన తలెత్తాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"అందరు నన్నే పొడుస్తున్నరు మామా. నీ కొడుకు నాకు మరిది గాదు. నేను కాపురానికొచ్చిన్నాడు బడికి పోయేటోడు. వదినా ఆకలైతుందని నా కొంగు పట్టుకొని తిరిగినోడు. వాని కోసం నా పాణం ఇమ్మంటే ఇస్త. గాని తల్లి అనని మాట తల్లి అన్నదని ఊరికి ఎట్ల చెప్పాలె? ఏం చెయ్యమంటవు, నువ్వే చెప్పు."

కుర్మయ్య పసుపు చేతులు చూసుకున్నాడు. తర్వాత మోచేత్తో ఆమె తల నిమిరాడు.

"భయపడకు బిడ్డా. కుండ సంగతి నేను చూసుకుంట."

ఇన్నాళ్ళకు నోరు విప్పిన మనిషి! ప్రేమలతకు ఏడుపు తన్నుకొచ్చింది. అలవాటుగా కుండను వేలితో కొట్టి చూడబోయింది. ఎక్కేముందు మూడుసార్లు కొట్టి చూడాలని నేర్పింది ఆయనే. పచ్చికుండ మొద్దుగా పలుకుతుంది, కాలిన కుండ ఖంగుమంటుంది.

"ముట్టకు" అన్నాడు కుర్మయ్య, కుండను దగ్గరికి లాక్కుని. "పసుపు ఆరలే."

ఆమె ఇంట్లోకి వచ్చేసరికి రేఖ బోనం కుండకు వేపమండలు కడుతోంది. ఏడవడం మానేసింది. ఆ మానెయ్యడమే ప్రేమలతకు ఎక్కువ భయమేసింది.

"మొన్న ములాఖత్‌కు పోయినప్పుడు ఆయన ఏమన్నడో నీకు చెప్పలే అక్కా" అంది రేఖ.

"ఏమన్నడు?"

"వదినను పరేషాన్ చెయ్యకుండ్రి అన్నడు. వదిన అబద్ధమాడి నన్ను ఇడిపిస్తే, నేను బయటికొచ్చి ఆమె ముఖం ఎట్ల చూడాలె అన్నడు." రేఖ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గాయన మాట ఇనకుండ నీ కాళ్ళు పట్టుకున్న. నాది తప్పే. ఇగ పట్టుకోను. నీ ఇష్టం."

కాళ్ళు పట్టుకున్నప్పుడు కదలని మనిషిని ఆ మాట కదిలించింది. చెడ్డవాడై ఉంటే బాగుండేది ఆ లక్ష్మణ్. వదినను తిట్టి ఉంటే బాగుండేది.

"అంటనే" అంది ప్రేమలత.

"ఏందక్కా?"

"అంట. 'పోత' అని అంట. నీ మొగుడు ఇంటికొస్తడు. గాని ఇంక ఎన్నడూ నేను కుండెక్క. నన్ను అడగొద్దు."

రేఖ ఆమెను గట్టిగా కరుచుకుంది. గోడ దగ్గర ముత్తమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. ఎవరికి జోడించిందో, కోడలికో తల్లికో, అడగకండి.

అయితే ప్రేమలత ఎవరికీ చెప్పనిది ఒకటుంది. స్నానం చేసి, తడి జుట్టు విరబోసుకుని, బోనం నెత్తినెత్తుకున్నప్పుడు ఆమె మనసులో ఒక్కటే మొక్కు. తల్లీ, మరిది కోసం అబద్ధం నేను చెప్త. పగలగొట్టేది నువ్వు పగలగొట్టు. నా పని నేను చేస్త, నీ పని నువ్వు చెయ్. కుండ పగిలితే ఊరికి తెలుస్తది తల్లి ఒప్పుకోలేదని. రేఖ ముందర నేను మాట తప్పినదాన్ని గాను. ఊరి ముందర నువ్వు ఓడిపోయినదానివి గావు.

ఆ ఒక్క ఆశ మీద నడిచింది ఆ మనిషి గుడిదాకా. డప్పులు చెవులు పగిలేలా మోగుతున్నాయి. ఆడవాళ్ళంతా వరసగా బోనాలతో నడుస్తున్నారు. ఎయిర్‌పోర్టుకు భూములు పోయి బుద్వేల్‌కూ, ఇంకెక్కడెక్కడికో కిరాయి ఇళ్ళకు పోయిన పాత ఊరివాళ్ళు కూడా వచ్చారు. గుడి పక్కన పోలీసు వ్యాను ఆగి ఉంది. దాని వెనక రోడ్డు కోసం తెచ్చి పోసిన కంకర కుప్ప. దాని మీద పిల్లలు ఎక్కి చూస్తున్నారు.

గుడి ముందు వేపమండలు పరిచి కుర్మయ్య కుండను బోర్లించాడు. ఊదు పొగ కమ్ముకుంది. రామచంద్రయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటినుంచి ఎవరు తెచ్చారో, అమ్మవారి ఒంటిమీద అప్పటికే సర్కారు పట్టుచీర ఉంది.

ఎప్పుడూ కుండ కొట్టి చూసేటప్పుడు డప్పులు ఆపుతారు. ఇవాళ ఆగలేదు. ప్రేమలత కుర్మయ్య వైపు చూసింది. ఆయన డప్పుల వాళ్ళకు కొట్టమని సైగ చేస్తున్నాడు.

ఆమె వంగి కుండ మీద వేలి కణుపుతో కొట్టింది. ఆ మోతలో ఏమీ వినపడలేదు. కానీ వేలికి తెలిసింది. మళ్ళీ కొట్టింది. కణుపు జివ్వుమంది. పసుపు కూడా ఎన్నడూ లేనంత మందంగా పూసి ఉంది. గోటితో గీరింది. పసుపు కింద ఎర్రగా కనపడింది.

కాల్చిన కుండ.

నిన్న వాములో బోనం కుండలతో పాటు ఇదీ కాలింది. కొడుకు కోసం, కోడలి అబద్ధం కింద పగలకుండా నిలబడడానికి, తాతల నాటి ఆచారాన్ని మామ చేతులారా మంటలో పెట్టాడు. కుండ సంగతి నేను చూసుకుంట అన్నాడు కదా, చూసుకున్నాడు.

ఇంక తల్లికి కాదనే దారి కూడా లేదు. సర్కారు చీర కట్టింది, ఇంటివాళ్ళు మాట నేర్పారు, పూజారి కుండ కాల్చాడు. నోరున్న వాళ్ళంతా కలిసి నోరు లేని తల్లి గొంతు మూసేశారు. అందులో తనూ ఒకతె.

"ఎక్కు తల్లీ" అన్నారు ఎవరో వెనకనుంచి.

ఎక్కింది. ఏం చేస్తుంది? ఎదురుగా రేఖ కడుపు మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. కాళ్ళ కింద కుండ బండరాయిలా ఉంది. ఇంకో నలుగురు ఎక్కినా పగలదు.

ఊరి పెద్ద ఉపేందర్ నిమ్మకాయ దిగదుడిచి ముందుకొచ్చాడు. డప్పులు ఆగాయి.

"తల్లీ పోచమ్మా! నీ బాలకులం అడుగుతున్నం. ఈ పొలిమేరల ఉంటవా? కొత్త జాగకు పోతవా?"

ప్రేమలత పెదవులు కదిలాయి.

"తల్లీ, ఉంటవా? పోతవా?"

హరిప్రసాద్ రెండు చేతులూ జోడించి ఉన్నాడు. 'పోత' అన్న మాట ఆమె నాలుక చివర ఉంది. అనడమే తరువాయి. లక్ష్మణ్ చిన్నప్పటి ముఖం గుర్తు తెచ్చుకుంది. ఊపిరి పీల్చుకుంది.

"తల్లీ, ఆఖరుపారి అడుగుతున్నం. ఉంటవా? పోతవా?"

"బాలకా!"

ఆ గొంతుకు ముందు వరుసలో వాళ్ళు ఉలిక్కిపడ్డారు. ముత్తమ్మ తల ఎత్తింది. ఆమెకు తెలుసు ఆ గొంతు.

"నా కుండ కాల్చినోడెవడు?"

తను అన్నదా, తల్లి అన్నదా? ప్రేమలతకే తెలియలేదు. 'పోత' అనడానికి నోరు తెరిచిన మాట మాత్రం నిజం.

ఉపేందర్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదాల పక్కన కుండ మీద వేలితో కొట్టాడు. ఖంగుమంది. ఈసారి డప్పులు లేవు. ఊరందరికీ వినపడింది.

జనంలో కలకలం లేచింది. మోసం, మోసం అన్నారు ఎవరో. తల్లిని కదిలిస్తే ఊకోం అని ఇంకెవరో అరిచారు. పోలీసులు వ్యాను దిగారు. రామచంద్రయ్య కంగారుగా హరిప్రసాద్ భుజం పట్టుకుని, "ఏమైంది? ఏమంటోంది అమ్మవారు?" అని అడుగుతున్నాడు. హరిప్రసాద్ నేలమీద కూర్చుండిపోయాడు.

"నేనే."

కుర్మయ్య ముందుకొచ్చాడు. నెత్తిన చుట్టిన తువ్వాల తీసి నడుముకు కట్టుకున్నాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. కొట్టడానికి చెయ్యెత్తినవాళ్ళు కూడా ఆయన ముఖం చూసి దించుకున్నారు.

"నేనే కాల్చిన తల్లీ. నీ కుండ కాల్చింది నేనే. నన్ను ఏమన్న చెయ్" అని ఊరంతా వినేట్టు చెప్పి, ఆయన కుండ దగ్గర కూలబడి ఆమె పాదాలు రెండూ పట్టుకున్నాడు. పసుపు చేతులు. పొద్దున ఆమె తలకు అంటకుండా ఆయన దూరంగా పట్టుకున్న చేతులు.

నుదురు ఆమె పాదాలకు ఆనించి, ఆమెకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా అడిగాడు.

"ఇగ నా కొడుకు రాడా బిడ్డా?"

ప్రేమలత జవాబు కోసం వెతికింది. లోపల ఎవరూ లేరు. వచ్చిన తల్లి ఆ ఒక్క మాట అడిగి వెళ్ళిపోయింది. కాలిన కుండ మీద, పోలీసులు దగ్గరికొస్తుండగా, ఒట్టి ప్రేమలతే నిలబడి ఉంది.